మెదడులో మోకు లాగేవాళ్లు

గురవయ్య ఏం చెప్పినా ఆళ్లగడ్డ జనం ముందు నవ్వుతారు, తర్వాత వింటారు. నమ్మడమనేది అసలు లెక్కలోనే లేదు. ఊళ్లో శిల్పులు చెక్కిన విగ్రహాలను లారీలకెక్కించే ముఠాకు, ఒంట్లో సత్తువున్నన్నాళ్లూ ఆయనే పెద్ద. మోసిన రాళ్లకంటే మోసిన కతలే ఎక్కువ. శ్రీశైలం ఘాట్లో లారీ బురదలో దిగబడితే, పైన పడుకోబెట్టిన ఆంజనేయస్వామి లేచి, కిందికి దిగి, భుజం పెట్టి తోసి, కాళ్లు కడుక్కుని మళ్లీ గడ్డి మీద పడుకున్నాడని చెప్పిన మనిషాయన. ఒక ఎండాకాలం వేడికి తాళలేక సగం చెక్కిన నంది నాలుక బయటపెట్టిందని, శిల్పి బద్ధకించి దాన్నట్లాగే వదిలేశాడని చెబితే, ఆ నందిని చూడటానికి కోవెలకుంట్ల నుంచి ఒకాయన బస్సెక్కి వచ్చాడు కూడా.

రాయి కదిలించేటప్పుడు లావు మోకుతాడు పట్టినవాళ్లకు పాట పదం ఎత్తి ఇచ్చేది గురవయ్యే. ఆయన ఎత్తుకుంటే మిగతావాళ్లు పలికేవాళ్లు, పలుకుతూ లాగేవాళ్లు. కానీ రాయి మొరాయించినప్పుడు మాత్రం ఆ ముఠాలో ఒక కట్టుబాటు ఉండేది. ముఠా పెద్ద అనేవాడు నోరు మూసుకోవాలి. మోకు వదలకూడదు, మాట్లాడకూడదు. లాగేవాళ్లలో ఎవడో ఒకడు తనంతట తాను పదం అందుకునేదాకా ఊరికే నిలబడాలి. పనంతటిలో గురవయ్యకు కష్టమనిపించింది అదొక్కటే.

అట్లాంటి మనిషి నెత్తిన ఇప్పుడొక నిజం పడింది. అది దించుకోలేక వారం రోజులుగా చస్తున్నాడు.

ఆ నిజం మనవరాలు సుకన్య కూతురిది. పాప పేరు చందన. ఎనిమిదో నెల నడుస్తున్నా మెడ నిలపలేదు. చూపు ఒకచోట ఆగదు. ఉండుండి ఒళ్లు బిగుసుకుపోతుంది. సుకన్య అత్తగారిది గోస్పాడు దగ్గర పల్లె. అత్త ఉమామహేశ్వరమ్మ బిడ్డను చూసిన నాడే తేల్చేసింది: గ్రహణం మొర్రి పెదవికి రాలేదు, మెదడుకొచ్చింది. దీపావళి మర్నాడు సాయంత్రం సూర్యగ్రహణం పట్టినప్పుడు సుకన్యకు నాలుగో నెల. రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్న వానకు తడుస్తుందని ఆ గ్రహణంలోనే బయటికి పోయి కుప్ప చేసి పట్ట కప్పింది. అది ఊరంతా చూసింది. ఇంకేం కావాలి?

వచ్చే ఆదివారం అత్తింటివాళ్లు సుకన్యను తీసుకుపోవడానికి వస్తామని కబురు పెట్టారు. కబురుకు చివర ఒక ముక్క తగిలించారు. పాప మాత్రం రోంత కాలం అమ్మమ్మ దగ్గరే ఉండాలంట. ఆ రోంత కాలం ఎంతో చెప్పలేదు. చెప్పకపోయినా సుకన్య తల్లి రామమ్మకు అర్థమయింది, గురవయ్యకు అర్థమయింది. సుకన్యకైతే ముందే అర్థమయింది. ఏడ్చింది కానీ కాదనలేదు. తప్పు తనదేనని ఆ పిల్ల కూడా నమ్ముతోంది మరి. గురవయ్యకు కడుపు మండింది అక్కడే.

అంతకు ముందు వారమే నంద్యాలలో ఆస్పత్రికి పోయి వచ్చారు. పిల్లల నరాల డాక్టరు కరుణ వారానికొక రోజు అక్కడికొస్తుంది. పాప తలకు తీగలు పెట్టి ఏదో పరీక్ష చేస్తుంటే సుకన్య పక్కగదిలో కూర్చుంది. డాక్టరమ్మ ముందు కూర్చున్నది గురవయ్య, సుకన్య మొగుడు వెంకటేష్.

వెంకటేష్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. వరికోత మిషన్ నడుపుతాడు. ఆ మిషన్ మోతలో ఎవరూ మాట్లాడలేరు గాబట్టి తనకు అంతకంటే మంచి పని దొరకదని ఆయన నమ్మకం. పెండ్లిలో మంత్రాలు పలకమంటే కూడా పంతులు వైపు చూసి తలూపిన ఘనుడు.

"తాతా, మెదడు పైభాగంలో ఉండే కణాలు ఆడనే పుట్టవు," అంది డాక్టరమ్మ. "లోపల, నడిమధ్య పుడతాయి. ఆడనుంచి పైకి నడుచుకుంటూ రావాలి. బిడ్డ కడుపులో ఉన్నప్పుడే ఆ నడకంతా."

"నడుస్తాయా? కాళ్లున్నాయా వాటికి?"

"కణానికి లేవు. దాని లోపల పనిచేసేవాటికి ఉన్నాయి."

గురవయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ప్రతి కణంలోనూ సన్నని గొట్టాలుంటాయంట. వెంట్రుకను వెయ్యి చీలికలు చేసినా అంత సన్నం రాదంట. వాటినే మైక్రోట్యూబ్యూల్స్ అంటారంట. వాటి మీద మోటార్ ప్రోటీన్లని కొన్ని నడుస్తాయి. కొన్ని సరుకు మోసుకుని అటు పోతాయి, కొన్ని ఇటు లాగుతాయి. కణం కదలాలంటే ముందు ఒక కొస సాచుతుంది. ఆ కొసలోకి గొట్టాలు పాకుతాయి. వాటిని పట్టుకుని మోటార్లు వెనకున్న బరువును, కణం నడుమనుండే పెద్ద గుండును, ముందుకు లాగుతాయి. మళ్లీ కొస సాచడం, మళ్లీ లాగడం. అట్లా ఆగుతూ సాగుతూ పైకెక్కుతాయి. డాక్టరమ్మ ఫోన్లో బొమ్మ చూపించింది. రెండు కాళ్లు, తల లేదు, మీద తనకంటే ఎన్నో రెట్లు పెద్ద మూట. ఒక అడుగు, ఇంకో అడుగు, గొట్టం మీద నడిచిపోతోంది.

"ఇది బొమ్మే. కానీ లోపల జరిగేది ఇదే," అంది.

గురవయ్య ఆ ఫోను వైపు నోరు తెరుచుకుని చూశాడు. ఇన్నేళ్లు అబద్ధాలు చెప్పాడు, ఇంత మంచిది ఒక్కటీ తట్టలేదు. ముందు మోకు పోవాలి, ఆనక రాయి రావాలి. అచ్చం తన ముఠా పనే! ఎవరు నేర్పారు వీటికి?

"మరి మా పాపకేమయింది తల్లీ?"

"ఆ గొట్టం కట్టే ఇటుకలో తేడా పడింది. మోటార్లున్నాయి గానీ వాటికి పట్టు దొరకలేదు. కణాలు దావలోనే ఆగిపోయినాయి. మెదడు మీద ముడతలు పడాలి, పడలేదు. నున్నగా ఉండిపోయింది."

స్కానింగు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించింది. ఆళ్లగడ్డలో నునుపు అంటే మెచ్చుకోలు. విగ్రహం బుగ్గ మీద చెయ్యి జారితే ఆ శిల్పికి పేరు. గురవయ్యకు ఆ మాట మీద కోపం రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"ఎవురినుంచి వచ్చింది?"

"ఎవరినుంచీ రాలేదు. తల్లి రక్తం చూశాం, తండ్రి రక్తం చూశాం, ఇద్దరిలోనూ లేదు. పాపలోనే కొత్తగా పడింది."

"గ్రహణం?"

"గ్రహణానికి ఎంతో ముందే ఆ ఇటుక అట్లుంది తాతా. ఆరోజు సుకన్య బయటికి పోయినా ఇదే, తలుపేసుకుని పడుకున్నా ఇదే." డాక్టరమ్మ వెంకటేష్ వైపు తిరిగింది. "మీరేమన్నా అడుగుతారా?"

వెంకటేష్ చాలాసేపు తన చెప్పులు చూసుకున్నాడు. "నొప్పుంటదా మేడం? పాపకు?" అన్నాడు.

"ఫిట్స్ వచ్చినప్పుడు ఇబ్బంది పడుతుంది. మందు తప్పకుండా వేయండి. ఎత్తుకుంటే, మాట్లాడితే ఆ పాపకు తెలుస్తుంది."

ఆ పూట తిరుగు బస్సులోనే గురవయ్య తన నిజాన్ని మొదటిసారి అమ్మకానికి పెట్టాడు. సుకన్య ఒళ్లో పాప నిద్రపోతోంది. పక్కన తాత, వెనక సీట్లో మొగుడు. గురవయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. గొట్టాలు చెప్పాడు, ఇటుకలు చెప్పాడు. సుకన్య కండ్లు తుడుచుకుని వింటోంది. ఈమాత్రం విన్నది చాలుననుకుని ఆగి ఉంటే బాగుండేది. బస్సు శిరివెళ్ల దాటేసరికి నాలుకకు పాత దురద పుట్టింది.

"వాండ్లు మన హమాలీల మాదిరే సుకన్యా! తల ఉండదు. రెండే కాళ్లు. నెత్తిన ఇంత మూట. ఎర్ర తలపాగాలు చుట్టుకుని, పదం పాడుకుంటా..."

"తల లేకుంటే తలపాగా యాడ చుడ్తారు తాతా?"

గురవయ్య తన నెత్తి తడుముకున్నాడు.

సుకన్య నవ్వింది. బిడ్డ పుట్టినాక ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే ఆయన చెయ్యి నిమిరింది. "నేను ఏడుస్తానని కత కట్టినావులే. నాకు తెల్దా నీ సంగతి?"

"కత కాదు మే! డాక్టరమ్మ చెప్పిందే చెప్తాండా. తలపాగా ఒక్కటి నేను... అది తీసెయ్. మిగిలిందంతా నిజం!"

"డాక్టర్లు అందరికీ అట్లే చెప్తారు తాతా, తల్లి చచ్చిపోతుందేమోనని."

గురవయ్య వెనక్కి తిరిగాడు. "ఒరే అబ్బీ, నువ్వూ ఆడనే ఉంటివి గదా! చెప్పు నీ పెండ్లానికి!"

వెంకటేష్ కిటికీలోంచి వరిమళ్లు చూస్తున్నాడు. "ఊఁ. అట్లాంటిదే ఏందో చెప్పింది," అన్నాడు. అన్నాక మళ్లీ వరిమళ్లు.

ఆ 'ఏందో' అనే మాట ఆళ్లగడ్డ బస్టాండు దాకా గురవయ్య చెవిలో చీమలా తిరిగింది.

ఆ తర్వాత వారమంతా ఇదే బాగోతం. వీధిలో చెబితే నవ్వారు. టీ అంగడి దగ్గర చెబితే, "ఆంజనేయస్వామి కత కంటే ఇది బాగుందప్పా, మళ్లా చెప్పు," అన్నారు. కన్న కూతురు రామమ్మకు చెబితే, "నాయనా, ఇంట్లో ఇంత బాధ పెట్టుకుని నీకు కతలెట్ల వస్తాయి?" అని కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. తలపాగా తీసేసి చెప్పాడు. పదం తీసేసి చెప్పాడు. చివరికి ఎండిపోయిన రొట్టె మాదిరి ఉన్నదున్నట్టు చెప్పి చూశాడు. ఉన్నదున్నట్టు చెబితే ఇంకా పెద్ద అబద్ధంలా వినబడింది. తల లేని కాళ్లు మెదడులో బరువులు లాగుతాయంటే ఏ బుద్ధిమంతుడు నమ్ముతాడు?

ఆదివారం పొద్దున ఉమామహేశ్వరమ్మ కారు దిగింది. వెంట ఆమె అన్న రంగయ్య, కొడుకు వెంకటేష్. రామమ్మ బక్ష్యాలు చేసింది. సుకన్యకు పెట్టాల్సిన ఒడిబియ్యం చేటలో పోసి, పసుపు కలిపి, పక్కన రవికె గుడ్డ పెట్టి ఉంచింది. పాప నడవలో బొంత మీద ఉంది.

ఉమామహేశ్వరమ్మ బొంత వైపు చూడలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, బక్ష్యం తుంచి, తినకుండా పళ్లెంలోనే పెట్టేసింది. ఒక మాటను పదిసార్లు నమిలే మనిషి కాదామె.

"వదినా, పిల్లను పంపీ. పాప ఈడనే ఉండనీ. శ్రీశైలం పోయి శాంతి చేయిస్తాం. ఆనక చూద్దాం."

"అట్లెట్ల వదినా, పాలు తాగే బిడ్డ..." అంది రామమ్మ.

"డబ్బా పాలు లేవా? ఊర్లో ఎట్ల తలెత్తుకునేది మేము? గ్రహణం పట్టిన బిడ్డ ఇంట్లో ఉందంటే రేపు ఎవురొస్తారు మా గడపలోకి?"

గురవయ్య ఇక ఆగలేదు. "గ్రహణం కాదు తల్లీ! నేను డాక్టరమ్మ కాడ కూర్చోని చెవులారా విన్నా."

"వచ్చెనే!" రంగయ్య తొడ చరిచి, మఠం వేసుకుని సర్దుకున్నాడు. పెండ్లినాడు నంది నాలుక కత విన్నప్పటినుంచి ఆయన గురవయ్యకు భక్తుడు. "చెప్పు పెద్దాయనా, చెప్పు. కొత్తదేనా?"

గురవయ్య ఒళ్లు దగ్గర పెట్టుకుని చెప్పాడు. ఒక్క మాట అటు ఇటు పోనివ్వలేదు. రంగయ్య "ఆహా" అన్నాడు, "తల లేదా? అబ్బో!" అన్నాడు, మధ్యలో చెల్లెలి మోకాలు తట్టి "వినుమే, వినుమే" అన్నాడు. అయిపోయినాక, "ఆ తలపాగాలు ఉండాయంట గదా? మా ఊరి లారీ డ్రైవరు మొన్న ఈడ టీ అంగడి కాడ విని వచ్చి చెప్పినాడు. అవి వదిలేస్తివే!" అని నొచ్చుకున్నాడు.

గురవయ్య పండ్లు కొరికాడు. వారం కిందట జారిన ఒక్క తలపాగా తనకంటే ముందు వచ్చి కూర్చుంది ఈడ.

ఉమామహేశ్వరమ్మ నవ్వలేదు. "గ్రహణం కాదంటివి. మరి ఏందీ ఇటుకలో తేడా? ఆ ఇటుక యాడనుంచి వచ్చింది?"

"రక్తంలోనే తల్లీ. పుట్టుకలోనే..."

"రక్తంలోనా?" ఆమె రామమ్మ వైపు తిరిగింది. "విన్నావా వదినా! మీ నాయనే చెప్తాండాడు, మీ రక్తంలో ఉందంట!"

"మా రక్తం కాదు! ఎవురి రక్తమూ కాదు! సుకన్యలో లేదు, నీ కొడుకులో లేదు, బిడ్డలోనే కొత్తగా..."

"ఎవురిదీ కాకుండా యాడనుంచి ఊడిపడుతుంది పెద్దాయనా? ఆకాశంలోంచా?"

గురవయ్య నుదురు కొట్టుకున్నాడు. చూడు ఎట్లా వచ్చిందో! గ్రహణం దగ్గరున్న నిందను తనే చెయ్యి పట్టుకుని తెచ్చి వంశం మీద కూర్చోబెట్టాడు. గ్రహణమైతే శాంతితో పోయేది. రక్తానికి శాంతి యాడుంది? మూల నిలబడ్డ సుకన్య మొహం చూశాడు. పిల్ల తెల్లగా పాలిపోయి ఉంది. వంగి బొంత మీది పాప పాదాలను రెండు చేతుల్లోకి తీసుకుంది, సెలవు తీసుకుంటున్నట్టు.

"ఒరే వెంకటేషూ!" గురవయ్య అరిచాడు. "నువ్వు లేవా ఆడ? నీకు చెవులు లేవా? నువ్వు అడగలేదా, ఆయమ్మ చెప్పలేదా? గురవయ్య అబద్ధాలకోరు, సరే. నువ్వేంది? నీ నోట్లో ఏముంది, రాయా?"

వెంకటేష్ తల వంచుకున్నాడు. వాళ్లమ్మ వైపు ఒకసారి చూశాడు. మళ్లీ వంచుకున్నాడు.

ఇంకో నాలుగు తిట్లు గురవయ్య నాలుక చివరికి వచ్చాయి. మంచి తిట్లు, వాటికీ ఒక తోక, ఒక అలంకారం ఉన్నాయి. అప్పుడు ఎందుకో చేతులకు పాత మోకు గరుకు తగిలినట్టయింది. రాయి మొరాయించింది. తాను పదం ఎత్తేకొద్దీ అది ఇంకా లోతుకు దిగబడుతోంది.

భుజం మీది తువ్వాలు తీసి ఒక కొసను పండ్ల మధ్య పెట్టి కొరికి పట్టాడు. గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

రంగయ్య ఆయన వైపు చూశాడు, ఇంకేమన్నా వస్తుందేమోనని. రాలేదు. రామమ్మ చూసింది. తండ్రి నోరు మూతపడటం ఆమె ఎప్పుడూ చూడలేదు, భయం వేసి చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. ఆయన తాగలేదు. నడవలో ఫ్యాను మోత ఒక్కటే. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని అందరూ చూస్తున్నారు. గురవయ్య ఛాతీలో మాటలు పొంగుతున్నాయి, తువ్వాలు తడిసిపోతోంది. ఈ మూగోడు మాట్లాడేలోపు నా ప్రాణం పోయేలా ఉందిరా దేవుడా అనుకున్నాడు.

"మా..." అన్నాడు వెంకటేష్.

అందరూ తిరిగారు.

"తాత చెప్పింది నిజమే మా. నేనూ విన్నా. మెదడులో పైపులుంటాయంట. వాటి మీద చీమల మాదిరి..."

చీమలా! గురవయ్య తువ్వాలును గట్టిగా కొరికాడు. చీమలేందిరా పనికిమాలినోడా, అంత అందమైన జీవులను!

"...అవి లాగుతాయంట. పాపకు పైపులు సరిగ్గా లేవు. లాగలేదు. అంతే. మా ఇద్దరి రక్తం చూసినారు. లేదు. ఊరికే వచ్చింది."

ఉప్పు లేని సంగటి మాదిరి చెప్పాడు. ఒక ఊపు లేదు, ఒక మలుపు లేదు. రంగయ్య మొహం వాడిపోయింది. కానీ నవ్వలేదు. జీవితంలో ఒక కత చెప్పి ఎరగని మనిషి చెబుతుంటే ఎవరు నవ్వుతారు?

"గ్రహణం..." అంది ఉమామహేశ్వరమ్మ, గొంతు తగ్గించి.

"గ్రహణానికి ముందే అట్లుందంట." వెంకటేష్ నుదుటికి చెమట పట్టింది. ఎకరం పొలం కోసినదానికంటే ఎక్కువ కష్టపడుతున్నాడు. "ఆపొద్దు సుకన్య బయటికి పోయినందుకు కాదు మా. మొక్కజొన్నలు తడుస్తాండాయి, బేగా పో అని నువ్వు కేకేసినందుకూ కాదు."

ఉమామహేశ్వరమ్మ చెయ్యి పళ్లెం మీద ఆగిపోయింది.

గురవయ్య నోట్లోంచి తువ్వాలు కొస జారింది. కేకేసింది ఈమెనా? సుకన్య వైపు చూశాడు. సుకన్య నేల చూస్తోంది. ఇన్ని నెలలూ ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు, కన్నతల్లికి కూడా. కొడుక్కి తెలుసు, కోడలికి తెలుసు, అందరికంటే ఎక్కువ ఈ అత్తకు తెలుసు. అందుకేనన్నమాట, బొంత వైపు కళ్లెత్తలేనిది. తాను గొట్టాలూ ఇటుకలూ కాళ్లూ మూటలూ ఎన్ని మోసుకొచ్చి పోశాడు! కావలసినది ఈ ఒక్క మాట. అది ఆ మొద్దు దగ్గరుంది.

"నిజంగా అనిందా ఆ డాక్టరు?" ఉమామహేశ్వరమ్మ కొడుకునే అడిగింది. "పోయినా పోకున్నా ఇంతేనని అనిందా?"

"తలుపేసుకుని పడుకున్నా ఇంతేనని అనింది."

ఆమె చాలాసేపు కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకోవాల్సినంత చెమట ఏమీ లేదు. తప్పయిందని అనలేదు. అలా అనే మనిషి కూడా కాదు. లేచి పోయి బొంత పక్కన కూర్చుంది. పాపను ఎత్తబోయి, ఆ తల ఒకపక్కకు వాలిపోతే అదిరిపడి ఆగింది.

"మెడ కింద చెయ్యి పెట్టల్ల అత్తా," అంది సుకన్య. వచ్చి, అత్త చెయ్యి పట్టుకుని, ఎక్కడ ఆనించాలో ఆనించింది. "ఇట్ల. ఇప్పుడు మాట్లాడు, దానికి తెలుస్తుంది."

ఉమామహేశ్వరమ్మ పాప మొహంలోకి వంగి చూసింది. "దీనికి మందు ఎప్పుడేస్తారు?" అంది చివరికి.

"పొద్దునా మాపునా. సీసా బ్యాగులో పెట్టినా... ఈడ ఉంచిపోదామని."

"ఈడేం పని? కార్లో ముందరే పెట్టు, మళ్ల మర్చిపోతాం."

రామమ్మ ఒడిబియ్యం పెట్టింది. తొందరలో సగం నేలపాలయ్యాయి. పాప జబ్బు ఒక్క అంగుళం కూడా జరగలేదు, అది అందరికీ తెలుసు. కార్లో సుకన్య, ఆమె ఒళ్లో పాప, పక్కన అత్త. ఇల్లు చేరేదాకా ఆ మెడ కింద ఎవరి చెయ్యి ఉండాలో అప్పుడే వాదులాట మొదలయింది.

గురవయ్య కారు దాకా వచ్చి వెంకటేష్ భుజం పట్టుకున్నాడు. "చీమలేందిరా?" అన్నాడు గుసగుసగా. "చీమలకు ఆరు కాళ్లు! రెండు కాళ్లని చెప్పలేదా ఆయమ్మ? నోరు తెరవక తెరవక తెరిస్తివి, దాన్ని కూడా చెడగొడితివి గదరా!"

వెంకటేష్ తలూపి స్టీరింగ్ దగ్గరికి పోయాడు. ఈ ఏటికి తన మాటలయిపోయినట్టు మొహం పెట్టాడు.

ముందు సీట్లో కూర్చున్న రంగయ్య అద్దం దించి తల బయట పెట్టాడు. ఇంత జరిగింది, ఆయన ముఖంలో మాత్రం ఏదో లోటు.

"పెద్దాయనా, అంతా బాగుంది గానీ, ఆ తలపాగాలు ఏం రంగన్నావు?"

గురవయ్య ఆయన వైపు కొరకొరా చూశాడు. వారమంతా గొంతు చించుకుని నిజం చెబితే ఈ మహానుభావుడికి మిగిలింది ఇదా! ఛీ అందామనుకున్నాడు. అప్పటికే బండి కదిలింది.

"ఎర్రవి!" అని కేకేశాడు వెనకాల.